తడికలో గుచ్చిన చుట్టలు

అదుగో, చూడండి. తెల్లారి ఎండ పడుతున్న వేళ, ఒక ఆడమనిషి మఠం వైపు నడిచి వస్తోంది. ఎండకి కమిలిన ఒళ్లు. మోకాళ్ల దాకా ఉప్పు పట్టి, తెల్లటి పొరలుగా ఎండిపోయిన కాళ్లు. వాకిట్లో తాటాకు తడిక ఉంది. ఆ తడిక పక్కన ఆగింది. చెయ్యి పైకెత్తి ఏదో సర్దింది. పక్కనున్న బానలోంచి ముంతతో నీళ్లు తీసుకుని పుక్కిలించి ఉమ్మింది. కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. కొంగు పైకి లాగేసరికి మెడ బయటపడింది. ఎడమ దవడ కింద నిమ్మకాయంత గడ్డ. దాని కింద, గొలుసులో పూసల్లా, ఇంకొన్ని చిన్నవి.

ఇప్పుడు చెప్పండి. ఏం చూశారు?

గడ్డ చూశాం అంటారు. ఎవరైనా అదే అంటారు. తవిటినాయుడూ అదే చూశాడు. అదొక్కటే చూశాడు. అక్కడే ఆ ఆడమనిషి కొంప మునిగింది.

వంశధార సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఎగువన, ఉప్పు మడుల పక్కన, అప్పలయోగి గారి మఠం ఉండేది. మఠం అంటే గోపురాలూ గంటలూ అనుకోకండి. రెండు పాకలు, ఒక మట్టి అరుగు, మందు నూరే కల్వం ఒకటి. అంతే. యోగి గారు పొద్దున వైద్యం చేసేవారు, సాయంత్రం తత్వం చెప్పేవారు. రెండింటిలోనూ మాటలు తక్కువే. చేతనైన రోగమైతే మందిచ్చేవారు. కాకపోతే, "ఇది నా వల్ల కాదమ్మా, పట్నం పెద్దాసుపత్రికి పో" అని మొహం మీదే చెప్పేవారు. ఆ ఒక్క మాట అనడానికి ఎంత గుండె కావాలో, అనలేక మనుషుల్ని చంపుకున్న వైద్యుల్ని అడిగితే తెలుస్తుంది.

తవిటినాయుడు ఆయన శిష్యుడు. మీసం రాకముందు వచ్చి చేరాడు. మూలికలు ఎండబెట్టడం, కషాయం కాచడం, కట్టు కట్టడం అన్నీ నేర్చాడు. అన్నిటికంటే బాగా నేర్చింది మెడ పట్టి చూడటం. మెడలో బిళ్లలు కట్టాయని ఎవరొచ్చినా యోగి గారు అతన్నే పిలిచేవారు. అతని వేళ్లు అలాంటివి.

ఒక చిన్నపిల్లకి చెవి వెనకా, మెడ వెనకా బిళ్లలు కడితే, తల్లి ఏడుస్తూ తీసుకొచ్చింది. నాయుడు బిళ్లల్ని ఒకసారి తడిమి, పిల్ల జడ విప్పించాడు. పేలు కుట్టి తలంతా పుళ్లు. "తల బాగుచెయ్యమ్మా, మెడ అదే తగ్గుతుంది" అన్నాడు. తగ్గింది. ఒక బండివాడికి దవడ కింద ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. నాయుడు వాడి నోట్లోకి వేలు పెట్టి పుచ్చిన దంతం మీద నొక్కాడు. వాడు అరిచిన అరుపుకి మడుల్లో కొంగలు లేచిపోయాయి. ఒకడికి బిళ్లలు ఒకదాన్నొకటి అంటుకుని ముద్దకట్టి, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంటే, "గండమాల. క్షయ జాతి. పట్నంలో సూదిమందు ఉంది, పో" అన్నాడు. ఇంకొక కుర్రాడికి మెడలోనే కాక చంకల్లోనూ గజ్జల్లోనూ రబ్బరు ముక్కల్లా బిళ్లలు లేచి, చెమటకి పక్క తడిసిపోతుంటే, నాయుడు గురువు వైపు చూశాడు. ఆ కుర్రాణ్ణి ఆ పూటే పట్నం బండెక్కించారు.

"బిళ్ల రోగం కాదర్రా, రోగం పంపిన కబురు. కబురు మోసుకొచ్చినవాణ్ణి కొట్టకండి, ఎక్కణ్ణుంచి వచ్చాడో అడగండి." ఇది యోగి గారి మాట. నాయుడు దాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా అది తన మాటే అనుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు వేసవి చివర యోగి గారు మూలికల కోసం కొండల మీదికి వెళ్లారు. వానలు పట్టుకుంటే కొండవాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. వర్షాకాలమంతా అక్కడే ఉండిపోవాలి. "నువ్వు చూసుకోరా నాయుడూ" అని చేతికర్ర పట్టుకుని వెళ్లిపోయారు.

నాయుడు అరుగెక్కాడు.

మొదటి వారమే ఒక నియమం పెట్టాడు. ఆ పక్క ఆడవాళ్లకి చుట్ట అలవాటు. మామూలుగా కాదు, అడ్డపొగ. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి పీలుస్తారు. ఉప్పు గంప నెత్తిన ఉంటే రెండు చేతులూ పైకే ఉంటాయి, చుట్ట తీసే వీలుండదు. సముద్రపు గాలికి బయటి నిప్పు నిలవదు. చంకలో పిల్ల ఉంటే దాని మీద రవ్వ పడుతుంది. నోట్లో ఉంటే ఏ గొడవా లేదు. అమ్మమ్మల నాటి అలవాటు. మగవాళ్ల ముందు, పెద్దల ముందు మాత్రం కాల్చరు. కొంగు అడ్డం పెట్టుకుంటారు.

ఆ వాసన నాయుడికి పడదు. "గురువు కూర్చునే చోటికి పొగ నోరేసుకుని వస్తారా? బుద్ధుండక్కర్లా? చుట్ట తడికలో గుచ్చండి. నోరు పుక్కిలించండి. అప్పుడు లోపలికి రండి" అన్నాడు. వాకిట్లో బాన పెట్టించాడు. ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పినట్టే చేశారు. కొంగు ఇంకాస్త పైకి లాక్కున్నారు.

అలా వచ్చినవాళ్లలో దాలమ్మ ఒకతె. ఉప్పు మడుల్లో గంపలు మోసే మనిషి. మొగుడు క్షయతో పోయాడు. కొడుకు వేటకెళ్లి తిరిగి రాలేదు. కొడుకు కూతురొకతె మిగిలింది, ఇంకా ఊయల దిగని పిల్ల. పిల్ల తల్లి వేరే మనువెళ్లిపోయింది. ఆ పిల్లకి దిక్కు దాలమ్మ, దాలమ్మకి దిక్కు ఆ రెండు చేతులు.

అప్పుడు గడ్డ చింతగింజంత.

"నొప్పా?" అన్నాడు నాయుడు.

"నేదు బాబూ. తగిల్తే గట్టిగా ఉంటాది, అంతే."

"జ్వరం?"

"నేదు."

"నీ పెనిమిటి దేనితో పోయాడన్నావ్?"

"దగ్గుతో బాబూ. రగతం కక్కుకుని."

ఇంకేం కావాలి? నాయుడు తల పంకించాడు. గండమాల. మొగుడి నుంచి అంటింది. గురువు ఉంటే ఈ జాతి రోగాన్ని పట్నం పంపేవారు. కానీ గురువు లేరు. ఈ ఒక్కదాన్నీ నా చేత్తో నయం చేసి, ఆయన దిగి వచ్చేసరికి చూపిస్తాను అనుకున్నాడు. లేపనం వేశాడు. కషాయం ఇచ్చాడు. పథ్యం చెప్పాడు.

దాలమ్మ మళ్లీ వచ్చింది. గడ్డ రేగుపండంత. లేపనం మార్చాడు. మళ్లీ వచ్చింది. ఉసిరికాయంత. "పథ్యం తప్పావు" అన్నాడు. "నేదు బాబూ, గంజి తప్ప ఏటీ ముట్టలేదు" అంది. "తప్పకపోతే ఎందుకు పెరుగుతుంది?" అని కసిరాడు. ఆమె తలదించుకుని వెళ్లిపోయింది. ఇదండీ మన చదువు. మందు పనిచెయ్యకపోతే తప్పు రోగిదే.

వానలు వెనకబట్టాయి. ఒక సాయంత్రం యోగి గారు కొండ దిగి వచ్చారు. తడికలో వరసగా గుచ్చి ఉన్న చుట్టల్ని చూసి, "ఇవేంట్రా?" అని అడిగారు.

"నియమం పెట్టాను స్వామీ, శుభ్రతకి" అన్నాడు నాయుడు.

ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లారు.

తెల్లారింది. దాలమ్మ వచ్చింది. ఇందాక మీరు చూసింది ఆ రావడమే.

ఆమె అరుగు కింద గొంతుక్కూర్చుంది. యోగి గారు అరుగు మీద ఉన్నారు. నాయుడు పక్కన నిలబడ్డాడు.

"నీ చేతి మనిషేనా?" అన్నారు యోగి గారు.

"అవును స్వామీ. గండమాల. పెనిమిటి క్షయతో పోయాడు."

"సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుందా?"

"లేదు స్వామీ."

"బిళ్లలు ముద్దకట్టి మెత్తబడ్డాయా?"

"లేదు. గట్టిగానే..."

"దగ్గు?"

"లేదు."

నాయుడి గొంతు ఒక్కో జవాబుకీ ఒక్కో మెట్టు దిగుతోంది.

"మరి గండమాల అని ఎవరు చెప్పారు?"

నాయుడు చేతులు చూసుకున్నాడు. "నా వేళ్లు స్వామీ."

"మళ్లీ అడుగు వాటిని."

నాయుడు వంగి గడ్డ మీద వేళ్లు పెట్టాడు. రాయి. అటూ ఇటూ కదిపాడు. కదల్లేదు. లోపల దేన్నో పట్టుకుని ఉంది. ఈ సంగతి అతనికి కొత్త కాదు. పోయినసారి లేపనం రుద్దినప్పుడే వేళ్లకి తెలిసింది. అప్పుడు వినదల్చుకోలేదు.

"ఏం తింటున్నావు తల్లీ?" యోగి గారు దాలమ్మని అడిగారు.

"గంజి నాయినా."

"పథ్యమనా?"

"పథ్యం సరే. కారం తగిల్తే మంట పుడతాంది, అందుకని."

"ఎక్కడ మంట?"

దాలమ్మ కొంగు గట్టిగా పట్టుకుంది. నాయుడు లెక్క వేసుకున్నాడు. ఇన్నిసార్లు వచ్చింది ఈ మనిషి. ఏం తింటున్నావని తను అడగలేదు. ఏం తినకూడదో మాత్రం చెప్పాడు.

యోగి గారు అరుగు దిగారు. మెల్లిగా నడుచుకుంటూ తడిక దగ్గరికి వెళ్లారు.

"దాలమ్మా, ఇందులో నీదేది?"

"ఓలమ్మో! తప్పైపోనాది నాయినా, లోపలికి తేలేదు, ఒట్టు..."

"తప్పని ఎవరన్నారు? నీదేదో చెప్పు."

"ఆ సివర్ది. నూలు సుట్టినాను, అది."

ఆయన ఆ చుట్ట పీకారు. పొయ్యి దగ్గరికి పోయి నిప్పు ముట్టించుకున్నారు. జీవితంలో పొగ ముట్టని మనిషి. వచ్చి దాలమ్మకి ఎదురుగా, నేల మీదే, ఆమెలాగే గొంతుక్కూర్చున్నారు. నిప్పున్న కొసని తిప్పి నోట్లో పెట్టుకున్నారు.

"స్వామీ!" నాయుడు ఒక్క అంగ వేశాడు.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. పెదాలు బిగించి ఒక్క దమ్ము లాగారు. అంతే. కళ్లు ఎర్రబడ్డాయి. ముక్కులోంచీ నోట్లోంచీ పొగ ఒక్కసారే బయటికి తన్నింది. దగ్గు. దగ్గు మీద దగ్గు. నోట్లోంచి తీసి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నారు. నాలిక కాలింది. గడ్డం మీద బూడిద పడింది.

దాలమ్మ ముందు హడలిపోయింది. తర్వాత ఆపుకోలేకపోయింది. కిసుక్కున నవ్వేసింది.

"అలాగ కాదు నాయినా! అలాగ లాగితే నోరు ఉడికిపోదా? నాలిక కిందకి దిగలాగాల. నిప్పు నాలిక మీద ఆనకూడదు, అంగిటికి అంటకూడదు. మజ్జిని ఏలాడాల."

"నాకేం తెలుసు తల్లీ. ఏదీ, చూపించు."

"మీ ముందరా?"

"నేను నీ ముందర కాల్చలేదా?"

దాలమ్మ ఇంకా నవ్వుతూనే చుట్ట అందుకుంది. కొంగు జారిపోయింది. దాని ధ్యాసే లేదామెకి. "ఇదిగో, ఇలాగ" అని, చుట్ట ఎక్కడ పెట్టాలో చూపించడానికి నోరు పెద్దగా తెరిచింది.

పొద్దుటి ఎండ తిన్నగా ఆ నోట్లోకి పడింది.

యోగి గారు నాయుడి చెయ్యి పట్టి కిందికి లాగారు. ఒక్క లాగు.

నాయుడు చూశాడు. అంగిలి అంగిలిలా లేదు. పాత సున్నం గోడలా తెల్లగా పగుళ్లు తేలి ఉంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు. ఎడమవైపు లోపలికి, గడ్డ ఏ వైపు ఉందో ఆ వైపే, ఒక పుండు. అంచులు లేచి గట్టిపడ్డాయి, నడుమ గుంటపడింది. పుండులోంచి కుళ్లు వాసన. నీళ్లు పుక్కిలించినా పోని వాసన.

"ఇది ఎప్పట్నుంచి తల్లీ?" యోగి గారి గొంతు మామూలుగానే ఉంది.

"ఏటది?" దాలమ్మ నోరు మూసి నాలికతో తడుముకుంది. "అదా! కొడుకు పోయిన్నాటి నుంచి ఉంటాది. కాల్తాది, మాన్తాది. సుట్ట కాల్చినోళ్లకి అయ్యి మామూలే కదేటి."

"ఈ బాబుకి చెప్పలేదా?"

"బాబు మెడడిగినాడు, మెడ సూపించినాను. నోరడగలేదు. నోరు మూసుకుని రమ్మన్నాడు కదా."

ఎత్తిపొడుపు కాదది. ఉన్నమాట చెప్పింది. అందుకే నాయుడికి ఎక్కడో దిగింది.

దాలమ్మ నీళ్ల కోసం వెళ్లాక నాయుడు నోరు తెరిచాడు. "వాళ్లు కొంగు తీయరు స్వామీ. ఆడవాళ్లని నోరు తెరవమని ఎలా అడగను? మర్యాద కాదని..."

"బండివాడి నోట్లో వేలు పెట్టావు కదా."

నాయుడు తలదించుకున్నాడు. "ఆ తడిక పీకేస్తాను. చుట్టలన్నీ పొయ్యిలో పడేస్తాను" అన్నాడు.

"పడెయ్యకు. ఎవరెవరివో కనుక్కో."

అదొక్కటే ఆయన అన్నది. తిట్టలేదు. తిడితే బావుండేదని నాయుడికి అనిపించింది. ఆ పూట ఆయన అన్నం తినలేకపోయారు. నోరంతా బొబ్బలెక్కింది. చల్లటి గంజి గ్లాసులో పోసి నాయుడే ఇచ్చాడు. ఒక్క దమ్ముకి ఇది. గంప మోసిన ప్రతి రోజూ కాలిన నోరు ఎలా ఉంటుందో ఆ గ్లాసు పట్టుకున్న చేతికి అర్థమైంది.

మర్నాడు దాలమ్మని పట్నం తీసుకెళ్లింది నాయుడే. "నువ్వే తీసుకెళ్లు" అన్నారు యోగి గారు. పిల్లని పొరుగామెకి అప్పజెప్పి బస్సెక్కింది దాలమ్మ. దారంతా కిటికీలోంచి చూస్తూ, "ఈ సేలెవరివి బాబూ? ఆ పొగ గొట్టం దేనికి బాబూ?" అని అడుగుతూనే ఉంది. ఆమెకి పట్నం చూడటం అదే మొదలు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నది. మెడ వైపు ఒక్కసారి చూసింది. చెయ్యి వెయ్యలేదు. "నోరు తెరువమ్మా" అంది. మొట్టమొదట ఆ మాటే.

లైటు వేసి చూసింది. అంగిలి చూసింది, నాలిక ఎత్తి కింద చూసింది, గొంతులోకి అద్దం పెట్టి చూసింది. ఆ తర్వాత మెడ రెండు వైపులా తడిమింది. పుండులోంచి చిన్న ముక్క తీసింది. గడ్డలోకి సన్న సూది గుచ్చి అక్కడి సరుకూ తీసింది. పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా దాలమ్మా నాయుడూ వరండాలో పడి ఉన్నారు. అక్కడ మెడలకి కట్లతో ఎంతమంది ఉన్నారో! అందులో సగం మంది మన పక్క ఆడవాళ్లే. కొంగులు నోళ్లకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఎవరి మొహమూ ఎవరికీ కనపడదు.

డాక్టరమ్మ నాయుణ్ణి లోపలికి పిలిచింది.

"క్యాన్సర్. అంగిట్లో పుట్టింది, మెడలోకి దిగింది. ఆ గడ్డలు లోపలి పెద్ద రక్తనాళాన్ని చుట్టేసుకున్నాయి. కోయడానికి వీల్లేదు. కరెంటు పెడదాం, అదే, రేడియేషన్. నొప్పి తగ్గుతుంది."

"రోగం?"

"నొప్పి తగ్గుతుంది అన్నాను."

నాయుడు నిలబడే ఉన్నాడు.

"మొదట ఎవరు చూశారు ఈవిణ్ణి?"

"నేనే."

"అప్పుడు గడ్డ ఎంతుంది?"

"చింతగింజంత. కదిలేది."

"నోరు?"

"చూడలేదు."

డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలవమని ఆయాకి సైగ చేసింది.

తిరిగొచ్చాక నాయుడు అరుగెక్కలేదు. తడిక పక్కన, బాన దగ్గర, నేల మీద కూర్చున్నాడు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ, "అమ్మా, చుట్ట కాలుస్తావా? నోరు చూడనీ తల్లీ" అని అడిగేవాడు. కొందరు తిట్టారు. "ఏటి సూత్తావు, సచ్చినోడా! నీ ఇంట్లో ఆడోళ్లు నేరా?" అన్నదొకతె. "ఉన్నారు, వాళ్లదీ చూశాను" అన్నాడు. మడుల గట్ల మీదికి పోయి, గంపలు దించిన చోట కూర్చుని చూశాడు. వాళ్లు పగలబడి నవ్వారు. వేళాకోళం చేశారు. "నాయుడు గోరు పళ్లు లెక్కెడతన్నారు, సంతకి తోలుకెల్తారు కావాల" అన్నారు. నవ్వినప్పుడు నోళ్లు తెరిచారు. అతనికి కావలసింది అదే.

ఎర్రప్ప అనే ఆమెకి అంగిట్లో గోరంత పుండు. మెడలో దాదాపు ఏమీ లేదు. ఒకవైపు చిన్న బిళ్ల ఉందేమో అన్నట్టుంది. నాయుడు ఆ రోజే పట్నం తీసుకెళ్లాడు. కోశారు. పై పళ్లతో కలిపి అంగిట్లో ఒక చెక్క తీసేశారు. మాట ముక్కులోంచి వస్తుంది ఇప్పుడు. కానీ మాట వస్తుంది. మళ్లీ గంప ఎత్తుకుంది.

దాలమ్మ కరెంటు పెట్టించుకుని వచ్చింది. మెడ మీద తోలు మాడి నల్లబడింది. గడ్డ కొంత తగ్గింది. నొప్పి తగ్గింది. నెల తిరక్కుండానే రెండూ మళ్లీ మొదలయ్యాయి. గంజి కూడా దిగడం కష్టమైంది. మనిషి చిక్కిపోయింది. అయినా నడవగలిగినంతకాలం మఠానికి వస్తూనే ఉంది. యోగి గారు నొప్పికి ఏదో ఇచ్చేవారు. ఆమె పిల్లని ఒళ్లో వేసుకుని అరుగు కింద కూర్చునేది. పిల్ల ఇప్పుడు తప్పటడుగులు వేస్తోంది.

నాయుడు ఆమెతో మామూలుగా మాట్లాడలేకపోయేవాడు. పిల్లకి బెల్లం ముక్క ఇచ్చేవాడు. నీళ్లిచ్చేవాడు. "ఎలా ఉంది?" అనేవాడు. ఆమె "ఉన్నాను బాబూ" అనేది. ఇన్నాళ్లలో ఒక్కసారీ నిష్ఠూరమాడలేదు. ఒకసారి నాయుడు ఉండబట్టలేక గురువుతో అన్నాడు. "ఆమెకి చెప్పాలా స్వామీ? నా వల్లే ఆలస్యమైందని? చెప్తే ఆమెకి ఒరిగేదేముంది? నా బరువు ఆమె మీద దించినట్టు కాదా?"

యోగి గారు కల్వంలో మందు నూరుతున్నారు. "అడిగినప్పుడు చూద్దువుగానిలే" అన్నారు.

అడగదనే నాయుడి నమ్మకం. ఆ మనిషికి అడగడం ఎవరు నేర్పారు గనక? అడిగితే కసిరేవాళ్లే అందరూ. తను కూడా.

ఆ రోజు ఎర్రప్ప మఠానికి వచ్చింది. నోరు చూపించుకుని, అంతా బాగుందనిపించుకుని, ముక్కుమాటలతో అందరినీ పలకరించి వెళ్లిపోయింది. దాలమ్మ అరుగు కింద కూర్చుని, ఆమె తడిక దాటి కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత నాయుడి వైపు తిరిగింది. మాట సన్నగా వస్తోంది. వినాలంటే దగ్గరికి వంగాలి. నాయుడు వంగాడు.

"ఎర్రప్ప బతుకుతాదంట గదా బాబూ."

"అవునమ్మా. అలాగే అన్నారు."

"దానికీ నాలాగే పుండేనంట. సిన్నగా ఉన్నప్పుడే సూసినావంట."

"అవును."

పిల్ల ఆమె మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. దాలమ్మ దాన్ని పడకుండా పట్టుకుంది. పిల్ల వైపే చూస్తూ అడిగింది.

"నాను దానికంటే ముందొచ్చినాను గదా బాబూ. అప్పుడు నాదీ సిన్నదే గదా. నాను మొదట వొచ్చిన్నాడే నా నోరు కూడా సూసుంటే, నాను బతికేదాన్నేటి?"

అరుగు మీద యోగి గారు కల్వంలో మందు నూరుతున్న చప్పుడు ఆగిపోయింది.

నాయుడు గురువు వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు.

"నన్ను కాదురా. నిన్ను అడుగుతోంది" అన్నారు.

దాలమ్మ ఇప్పుడు పిల్ల మీంచి కళ్లు తీసి నాయుడి మొహంలోకి చూస్తోంది. కోపం లేదు. ఏడుపు లేదు. తెలుసుకోవాలనుంది, అంతే. అవునంటే, మిగిలిన కొద్ది రోజులూ ఆమె ఆ మాటతో బతకాలి. కాదంటే, మళ్లీ ఒకసారి ఆమెకి అబద్ధపు మందు ఇచ్చినట్టే. ఆమె కాచుకుని ఉంది.

ఆ చోట మీరే ఉన్నారు. ఆ కళ్లు మిమ్మల్నే చూస్తున్నాయి. ఏం చెబుతారు?